బుల్లెట్‌కు మూడో చక్రం

మా ఊళ్ళో బస్సు వెనకాల మోటారుసైకిల్ వేసుకుని తిరిగేది కాలేజీ కుర్రాళ్ళు. నలభై దాటాక, కట్టుకున్న భార్య ఎక్కిన ఎర్రబస్సు వెనకాల కదిరి నుంచి బెంగుళూరు దాకా బుల్లెట్ నడుపుకుంటూ వెళ్ళిన ఘనత మాత్రం నాదే. ఆ నాలుగు రోజుల ప్రయాణం గురించి అడిగినవాళ్ళకల్లా చెప్పి చెప్పి గొంతు పోయింది కాబట్టి రాస్తున్నాను.

ముందు బస్సు సంగతి. నా భార్య కనక హైస్కూల్లో లెక్కల టీచరు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు బలహీనపడింది. ఆ కాలికి తొడ దాకా ఇనుప కడ్డీల కాలిపర్ కట్టుకుని నడుస్తుంది. కూర్చోవాలంటే మోకాలి దగ్గర దాని రింగు పైకి లాగాలి, అప్పుడు గానీ కాలు మడవదు. పెళ్ళయిన కొత్తల్లో ఒకసారి నా బండి వెనక ఎక్కించుకున్నాను. బజారు మధ్యలో ఆ కాలిపర్ చక్రానికి తగిలి ఇద్దరం పడ్డాం. దెబ్బలు మానాయి గానీ కనక మళ్ళీ ఆ సీటు మీద కూర్చోలేదు. పన్నెండేళ్ళుగా నేను బండి మీద, ఆమె ఆటోలో, విడివిడిగా వెళ్ళే మొగుడూ పెళ్ళాలం.

ఇక ఫోరం సంగతి. నాకు కదిరిలో నెట్ సెంటర్ ఉంది. పరీక్షల ఫలితాల రోజుల్లో కిటకిటలాడుతుంది, మిగతా రోజుల్లో తలుపు పక్క కంప్యూటర్ ముందు నేనొక్కణ్ణే. అక్కడ దొరికింది నాకు బుల్లెట్ పిచ్చివాళ్ళ ఫోరం. తెలియనివాళ్ళకు చెబుతున్నా, అది కంప్యూటర్లో వేసిన రచ్చబండ. నలుమూలల నుంచి వచ్చి మారుపేర్లతో కూర్చుని బండ్ల గురించి మాట్లాడుకుంటారు. నా పేరు అక్కడ ‘కదిరి’.

అక్కడ మన బండి ఫొటో పెడితే ఎవరూ ఊరికే బాగుంది అనరు. ‘బాగుంది, కానీ’ అంటారు. ఆ ‘కానీ’ ఖరీదు ఒక్కోసారి మూడు వందలు, ఒక్కోసారి మూడు వేలు. బాగుంది, కానీ ఇంకా పాత అద్దాలేనా? బాగుంది, కానీ సైలెన్సర్ దగ్గుతున్నట్టుంది. సైలెన్సర్ మార్చి ఫొటో పెడితే, బాగుంది, కానీ ఇప్పుడు సీటు తేలిపోయింది అంటారు. పైగా పదిమంది కలిసి కొంటే చవక అని ఒక పద్ధతి పెట్టారు. తొమ్మిదిమంది చేరి పదోవాడి కోసం చూస్తుంటే, నాకు అక్కర్లేని వస్తువైనా వాళ్ళ ముఖం చూసి చేరేవాణ్ణి. అలా వచ్చిందే ఒక పెద్ద హారన్. లారీ హారన్ కూడా దాని ముందు చాలదు. స్కూలు ముందు మోగిస్తే పిల్లలు చెల్లాచెదురయ్యారని కనక ఆ రోజే దాన్ని ఊడదీయించి మంచం కిందకు తోసేసింది.

ఒక్క విషయంలోనే ఫోరం మాట వినలేదు. నాది పాత బుల్లెట్. గేరు కుడి కాలికి, వెనక బ్రేకు ఎడమ కాలికి ఉంటాయి. కొత్త బండ్లలో అది తిరగబడింది. నువ్వూ మార్పించు అని సగంమంది పోరారు. డబ్బు కుదరక ఆగాను గానీ తెలివి ఉండి కాదు.

ఎప్పుడూ ఒంటరిగానే తిరుగుతావేం అని ఒకరోజు ఎవరో అడిగితే కనక సంగతి రాశాను. బెంగుళూరు నుంచి ‘గుడుగుడు’ అనే పేరుతో రాసే ఒక సభ్యుడు ఉన్నాడు. ఎప్పుడూ ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనే కొడతాడు, చదివితే మనమీద అరుస్తున్నట్టుంటుంది. అతను ఒకే ముక్క రాశాడు. సైడ్‌కార్ పెట్టు. అంటే బండికి ఎడమపక్క బిగించే ఒంటి చక్రం తొట్టి. నెల తిరక్కుండా అతనే శివాజీనగర్ పాత సామాన్ల బజారులో ఒక తొట్టి చూశాడు, మిగతావాళ్ళు రంగు దగ్గర పోట్లాడుకున్నారు, నేను చీటీ పాడి డబ్బు తెచ్చాను.

కనక చివరిదాకా విని ఒప్పందం చేసింది.

“వస్తా. తొట్టిలో కూచుంటా. నచ్చితే నీ బండి మీదే ఇంటికొస్తా. నచ్చకపోతే బస్సెక్కి వచ్చేస్తా. అప్పుడు మాత్రం నీ కంప్యూటర్ బావమరదుల మాట నా దగ్గర ఎత్తకూడదు. ఆ బండికి ఇంక రూపాయి పెట్టకూడదు.”

సరే అన్నాను. బుల్లెట్, ఫోరం, నా పరువు మూడూ ఆమె తిరుగు టికెట్టు మీద పడ్డాయి.

బాగేపల్లి

డిసెంబరు చలి. బస్సులో కిటికీ పక్క కనక, వెనకాల స్వెట్టరు మీద స్వెట్టరుతో నేను. గోరంట్ల దాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాను. ఆమె మాత్రం పొలాల్ని చూస్తున్నట్టు నటించింది.

బాగేపల్లిలో బస్సు టిఫినుకు ఆగింది. ఊరు కర్ణాటకది, మాట మనది. బోర్డులు కన్నడంలో, తిట్లు తెలుగులో ఉంటాయి. నేను ఇడ్లీ ప్లేటు పట్టుకుని దగ్గరకు వెళ్ళేసరికి కనక పక్కసీటు ముసలమ్మ నన్ను ఎగాదిగా చూస్తోంది.

“ఎవరమ్మా ఈయప్ప? పొద్దున్నుంచీ మన బస్సు వెనకనే వస్తాండాడు.”

“తెలీదవ్వా. పిచ్చోడేమో,” అంది కనక, నా ప్లేటులోంచి ఇడ్లీ తీసుకుంటూ.

ముసలమ్మ నోరు తెరుచుకుని ఉండిపోయింది. బస్సు కదిలాక కూడా వెనక అద్దంలోంచి నన్నే చూస్తూ ఉంది, పాపం. ఆమెకు నిజం ఎక్కడ చెప్పిందో కనక ఇప్పటికీ చెప్పలేదు.

బేగూరు

బెంగుళూరు మొదట్లోనే, హెబ్బాళ దగ్గర, కనకను ఆటో ఎక్కించి, ఈసారి ఆటో వెనకాల పడ్డాను. మధ్యలో కాఫీకి ఆగితే హోటలతను అడక్కుండానే ఒక కాఫీని రెండు చిన్న గ్లాసుల్లో పోసి ఇచ్చాడు. బైటూ అంటారు. కోటు వేసుకున్న ఆఫీసర్లు కూడా సగం కాఫీ తాగి సంతోషంగా వెళ్ళిపోవడం చూశాను. మన దగ్గర ఇంటికొచ్చిన మనిషికి సగం కాఫీ ఇస్తే వారం రోజులు చెప్పుకుంటారు.

గుడుగుడు ఇల్లు బేగూరులో. అంత పెద్ద అక్షరాలతో అరిచే మనిషి ఏ మీసాల కుర్రాడో అనుకున్నాను. గేటు తీసింది అరవై దాటిన, చిన్న గొంతు పెద్దాయన. పేరు మునియప్ప. ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. నాలుగు తరాలుగా బెంగుళూరులో ఉన్న తెలుగువాళ్ళు.

“రాప్పా కదిరి, రామ్మా. ఇల్లు చిన్నది, మనసులో పెట్టుకోవద్దు. ఊట రెడీ ఉండాది.”

ఊట అంటే భోజనం. అంత పెద్దగా ఎందుకు రాస్తారు అని అడిగాను.

“చిన్న అక్షరాలు ఎట్ల కొట్టేదో తెలీదప్పా. ఏదో మీట నొక్కుకుపోయింది, అట్లే ఉండాది,” అన్నాడు.

ఇన్నాళ్ళూ ఆ కోపానికి భయపడి నేను కొన్న సామాను లెక్క గుర్తొచ్చింది. కనక పడీ పడీ నవ్వింది. ఆ మీట ఎక్కడుందో ఆమె చూపిస్తానంటే ఆయన వద్దన్నాడు, ఇప్పుడు అందరూ మాట వింటున్నారు, సుమ్నే, ఊరికే ఎందుకమ్మా చెడగొట్టుకునేది అని.

ఆయన భార్య లక్ష్మమ్మ రాగిముద్ద, చిదిమిన అవరేకాళ్ళ సారు పెట్టింది. అవరేకాళ్ళంటే మన అనపగింజలే, సారంటే పులుసు. నానబెట్టి పైపొట్టు చిదిమి తీసిన పప్పును మనం పితికిపప్పు అంటాం. మా ఇంట్లో పులుసు చిక్కగా కారంగా ఉంటుంది, వీళ్ళది కొబ్బరి, ధనియాల వాసనతో కాస్త మెత్తన. ముద్దను నమలకుండా మింగాలన్నారు. మా ఊరి ముద్ద కూడా అంతే అని నేను, మా ఊరి ముద్ద ఇంకా గట్టిది అని కనక, మొగుడూ పెళ్ళాలం ఇద్దరం ఒకే మాట మీద నిలబడింది చాలా రోజుల తర్వాత అప్పుడే.

శివాజీనగర్

మర్నాడు తొట్టి బిగించారు. ఆ బజారు చూడాల్సిందే. ప్రపంచంలోని బండ్లన్నీ ఇక్కడికొచ్చి విడిపోయినట్టుంటుంది. ఒక అంగట్లో స్పీడోమీటర్లు మాత్రమే, ఒక అంగట్లో హెడ్‌లైట్లు మాత్రమే ఉంటాయి. ఎనిమిది వందలు చెప్పిన అద్దం నాలుగు అడుగులు నడిచేసరికి రెండు వందలైంది. ఇంకో నాలుగు అడుగులు వేసుంటే ఊరికే ఇచ్చేవాడు గానీ కనక ఆగమంది.

అక్కడే మా ప్రదీప్ కలిశాడు. నెల్లూరు వాడు, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం, బెళ్ళందూరులో అపార్టుమెంటు. పదిమంది కలిసి కొనే పద్ధతి పెట్టిన మహానుభావుడు ఇతనే. వయసు పాతికకు కొంచెం పైన. ఏ సైలెన్సరూ అతని బండి మీద మూడు నెలలు నిలవదు. ఫోరం బాగుందన్నది కొంటాడు, ఫోరం బోరన్నది తీసేస్తాడు. తీసినవన్నీ భుజాన సంచీలో వేసుకుని తిరుగుతుంటాడు.

“వదినా, టోటల్ లుక్ మారిపోయింది చూడండి! కదిరన్న బండి ఇప్పుడు సూపర్ క్లాసిక్. జస్ట్ ఆ హెడ్‌లైట్ రింగ్ ఒక్కటి మారిస్తే...”

“బాగుంది, కానీ,” అంది కనక.

ప్రదీప్ నాలిక కరుచుకున్నాడు.

తొట్టి నిజంగా ముచ్చటగా ఉంది. ముదురాకుపచ్చ రంగు, పక్కన బంగారు గీత, లోపల ఎర్ర సీటు. జనం మూగారు. నేను రాజులాగా ఎక్కి, ఒక చుట్టు తిప్పి వస్తానని బయల్దేరాను. ఇరవై ఏళ్ళుగా బండి నడుపుతున్న మనిషిని. మొదటి మలుపులోనే అలవాటు ప్రకారం ఒళ్ళు వాల్చాను. బండి వాలలేదు, తిరగలేదు, తిన్నగా వెళ్ళి ఒక ముసలాయన పేర్చుకున్న పాత టైర్లలో దూరింది. టైర్లు ఒక్కొక్కటే రోడ్డు మీద దొర్లుతుంటే బజారంతా వాటి వెనక పరుగెత్తింది.

“ఇది ఇంక రెండు చక్రాల బండి కాదప్పా,” అన్నాడు మునియప్ప, నా మోచేతి దుమ్ము దులుపుతూ. “ఒళ్ళు వాల్చితే మాట వినదు. హ్యాండిల్ తిప్పల్ల, ఆటో మాదిరి.”

సాయంత్రం దాకా ఖాళీ మైదానంలో తిప్పితే ఆ అలవాటు కొంచెం పోయింది. కనక ఒడ్డున కూర్చుని నా అవస్థ అంతా శ్రద్ధగా చూసింది.

అత్తిబెలె

మూడో రోజు ఆదివారం. ఫోరం వాళ్ళందరూ అత్తిబెలెలో కలవాలి. తెల్లవారగానే కనక మోకాలి రింగు లాగి కాలు మడిచి తొట్టిలో కూర్చుంది. హోసూరు రోడ్డులో ఫ్లైఓవర్ కోసం స్తంభాలు లేస్తున్నాయి. ఆ దుమ్ములో, ఎలక్ట్రానిక్ సిటీ అద్దాల ఆఫీసుల ముందు నుంచి మేం వెళ్తుంటే సిటీ బస్సుల కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. కార్లవాళ్ళు అద్దాలు దించి బొటనవేలు చూపించారు. నా ఛాతీ రెండు స్వెట్టర్లనూ పిగిలించేలా ఉబ్బింది. పన్నెండేళ్ళ తర్వాత నా భార్య నా బండిలో కూర్చుంది. ఆ సంతోషం నేను ఇంకెక్కడా ఎరగను.

కనక ఏమీ మాట్లాడలేదు. చలి వల్ల అనుకున్నాను.

అత్తిబెలె తమిళనాడు సరిహద్దు. చెక్‌పోస్టు ముందు లారీల వరుస, వెనక ఫ్యాక్టరీలు, మధ్యలో మూడు భాషలూ కలగలిపి మాట్లాడే జనం. రోడ్డు పక్క హోటల్ ముందు మావాళ్ళ బండ్లు పాతిక దాకా వరుసగా నిలబడి ఉన్నాయి. కనక ఆ వరుసంతా చూసి నెమ్మదిగా అడిగింది.

“అందరి బండ్లకూ అవే అద్దాలు, అదే సైలెన్సర్, అదే సీటు. ఎవరిది ఏదో ఎట్ల తెలుస్తాది?”

అందరికంటే వేరుగా కనబడాలని ఒకే ఫోరం మాట విని, ఒకే అంగట్లో, పదిమంది చొప్పున కొన్నాం. ఆమె అడిగేదాకా నాకు తట్టలేదు. ఆమె మాట పూర్తయ్యేసరికి ప్రదీప్ వేరేవాళ్ళ బండికి తన తాళంచెవి పెట్టి తిప్పుతున్నాడు.

చెరకురసం బండి దగ్గర ఆగాం. మిషన్ తిప్పే అతను మంచివాడే. తొట్టిలో కనకను, ఆమె కాలిపర్‌ను చూసి గ్లాసు నిండా పోసి, నాతో అన్నాడు.

“ఏ ఆస్పత్రికి తీసుకపోతా ఉండారు సార్? పాపం. అమ్మ గ్లాసుకు డబ్బులొద్దు.”

నేను ఏమో నసిగాను. కనక పర్సు తీసి రెండు గ్లాసులకూ డబ్బులిచ్చింది. రసం మాత్రం తాగలేదు.

“కదిరి బస్సు యాడ దొరుకుతాదో కనుక్కో,” అంది.

“కనకా, వాడేదో...”

“వాణ్ణి నేనేమనలేదు. పొద్దున్నుంచి ఎంతమంది బాగుంది సార్ అన్నారు నీతో? ఒక్కరన్నా నాతో మాట్లాడినారా? బస్సులో అయితే నా టికెట్టు నేను తీసుకుంటా. కిటికీ పక్క సీటు కోసం నేనే పోట్లాడతా. దీంట్లో మూటను కట్టుకున్నట్టు కట్టుకుని తీసుకపోతాండావు.”

తొట్టి వైపు చూశాను. ఎర్ర సీటు, బంగారు గీత, ఆకుపచ్చ రంగు, అన్నీ నేను ఫొటోలో ఎలా ఉంటాయా అని చూసుకుని ఎంచినవే. ఆమెను అడిగి ఎంచింది ఒక్కటీ లేదు.

అప్పుడే మునియప్ప చప్పట్లు కొట్టాడు. ప్రదక్షిణం మొదలు.

ఇది మా ఫోరం ఆచారం. కొత్తగా ఏదైనా బిగించుకుని వచ్చిన బండి చుట్టూ అందరూ తిరిగి, తర్వాత ఏం మార్చాలో చెప్పాలి. సొంతదారు అందులో ఒకటైనా ఒప్పుకుని తీరాలి. ఏ బండీ ఖాళీగా బయటపడలేదు. అయితే ఫొటో చూసి నోరు పారేసుకునేవాళ్ళు ఎక్కువయ్యారని మునియప్ప ఒక కట్టుబాటు పెట్టాడు. ఆ బండి ఎక్కి కూర్చున్నవాళ్ళకే మాట. కూర్చోనివాళ్ళు నోరు మూసుకుని తిరగాలి.

పాతికమంది మా బండి చుట్టూ తిరిగారు. ప్రదీప్ నోటిదాకా వచ్చిన హెడ్‌లైట్ రింగును మింగేశాడు. మునియప్ప కనక ముందు ఆగాడు.

“ఈ తొట్టిలో కూచునింది నువ్వొక్కదానివేనమ్మా. ఈపొద్దు మాట నీదే. ఏం మార్చల్ల చెప్పు.”

బస్సు మాట అందరి ముందూ అంటుందనుకుని నేను చెప్పుల వైపు చూస్తున్నాను.

“తొట్టి బాగుండాది,” అంది కనక. “దీంట్లో కూచుంటే నాకు ఈయన కాళ్ళు తప్ప ఇంకేం కనపళ్ళేదు. అందుకని దారి పొడుగునా అవే చూస్తా వచ్చినా. క్లచ్ ఎడం చెయ్యి. ముందు బ్రేకు కుడి చెయ్యి. గేరు కుడి కాలు. నా కుడి కాలు బాగానే ఉండాది. ఇప్పుడు మూడు చక్రాలు కాబట్టి ఆగినప్పుడు కాలు కింద ఆనించే పని లేదు. ఎడం కాలికి ఈ బండిలో ఒకటే పని, వెనక బ్రేకు. దాన్ని చేతికి తీసుకురాగలరా?”

పాతికమందీ వంగి ఎడమ పక్క బ్రేకు వైపు చూశారు. 

నిజం చెబుతున్నాను, మొదట నాకు భయం వేసింది. ఆ వెంటనే, ఇంత ఆలోచన కడుపులో పెట్టుకుని పొద్దుట్నుంచి నోరు మెదపకుండా కూర్చున్న ఈ మనిషి నా భార్య కదా అని గర్వం పొంగింది. ఆ గర్వం ఇంకా తగ్గలేదు. గేరు ఎడమకు మార్పించి ఉంటే ఏమయ్యేదో కూడా అప్పుడే తట్టింది.

“తెస్తామమ్మా,” అన్నాడు మునియప్ప.

ఇక చూడాలి గొడవ. నాచేత హారన్లూ అద్దాలూ కొనిపించినవాళ్ళే నేల మీద చాక్‌పీసుతో బొమ్మలు గీస్తూ పోట్లాడుకున్నారు. కడ్డీ వెయ్యాలని ఒకడు, కేబుల్ లాగాలని ఇంకొకడు. కనక మధ్యలో స్టూలు వేసుకుని కూర్చుని, కేబులైతే క్లచ్ కిందే లీవర్ పెట్టొచ్చు, రెండూ ఒకే చేతికి అందుతాయి అని తేల్చేసింది. ప్రదీప్ సంచీ బోర్లించాడు. అతను కొని, బోర్ కొట్టి, తీసేసిన సామాన్లలో సరిపోయే లీవర్ దొరికింది.

“వదినా, ఇది ఫస్ట్ టైమ్ నా సంచీ యూజ్ అయింది,” అన్నాడు. వాడి ముఖం చూడాలి, పెళ్ళికొడుకులా వెలిగిపోయింది.

ఫ్యాక్టరీల సందులో ఆదివారం కూడా తెరిచి ఉన్న లేత్ షాపు దొరికింది. అక్కడ తీసుకున్నది రెండు వందలు. నేను ఆ బండికి పెట్టిన ఖర్చుల్లో అంతకంటే చిన్నది ఇంకొకటి లేదు. కాలి బ్రేకును కూడా ఉంచారు, నేను నడిపేటప్పుడు నాకు కావాలి కదా.

పేరు పెట్టని లేఔటు

తిరిగొచ్చే దారిలో కొత్తగా వేసిన ఒక లేఔటు ఉంది. తారురోడ్లున్నాయి, రాళ్ళు పాతారు, ఇళ్ళు మాత్రం ఇంకా లేవు. గేటు దగ్గర వాచ్‌మన్ లేడు, టీకి పోయాడన్నారు. అందరం లోపలికి వెళ్ళాం.

కనక తొట్టి అంచు మీద కూర్చుని, హ్యాండిల్ పట్టుకుని, మంచి కాలు బండి మీదుగా అవతలికి వేసింది. చీర కుచ్చిళ్ళు దోపుకుంది. లక్ష్మమ్మ ఇచ్చిన శాలువా నడుముకు బిగించింది. కిక్ నేనే కొట్టాను. పక్కకు జరగబోతుంటే మునియప్ప నా భుజం పట్టుకున్నాడు.

“యాడికప్పా? ఖాళీ తొట్టి ఎడమ మలుపులో పైకి లేస్తాది. బరువు కావల్ల. ఇసక మూట తెచ్చినావా?”

తేలేదు. తొట్టిలోకి ఎక్కి నేనే కూర్చున్నాను.

మొదటిసారి బండి ఎగిరి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి క్లచ్ నెమ్మదిగా వదిలింది, బండి కదిలింది. అంత కిందనుంచి చూస్తే రోడ్డు ముఖం మీదకే వస్తుంది. పట్టుకోడానికి తొట్టి అంచు తప్ప ఏమీ లేదు. ముందు మలుపు కనబడగానే నేను కళ్ళు మూసుకున్నాను. బండి తిరిగింది. నన్ను టైర్లలో పడేసిన మలుపు లాంటిదే, ఆమె మామూలుగా హ్యాండిల్ తిప్పి దాటేసింది.

“చూసినావా కదిరీ!” వెనకనుంచి మునియప్ప అరిచాడు. ఫోరంలో రాసినట్టే, పెద్ద అక్షరాల్లో. “ఆయమ్మకు ఒళ్ళు వాల్చే అలవాటే లేదు. మరిచేది ఏముండాది?”

రెండు చుట్లు, నాలుగు చుట్లు. ఆపమంటే ఆపదు. బ్రేకు పట్టి చూపించమంటే పట్టి చూపించి మళ్ళీ కదిలిస్తుంది. పాతికమంది రోడ్డు పక్కన నిలబడి ఈలలు వేస్తుంటే, పన్నెండేళ్ళలో నేను చూడని నవ్వు ఆమె ముఖంలో చూశాను. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గాలికి అని చెప్పాను గానీ ఎవరూ నమ్మలేదు.

గేటు దగ్గరికొచ్చేసరికి వాచ్‌మన్ అడ్డం నిలబడి ఉన్నాడు. మనవైపు నుంచి పనికి వచ్చిన మనిషే. చీర కట్టుకుని బుల్లెట్ మీద కూర్చున్న టీచరమ్మను చూశాడు, తొట్టి అంచు గట్టిగా పట్టుకుని బిక్కమొహం వేసుకున్న నన్ను చూశాడు. కోప్పడదామని వచ్చినవాడు జాలిపడ్డాడు.

“సారుకు ఏమైందక్కా? ఏ ఆస్పత్రికి?”

కనక నావైపు ఒకసారి చూసింది.

“ఏం కాలేదప్పా. బాగనే ఉండాడు. ఊరికే తిప్పుకుని వస్తాండా.”

మళ్ళీ కదిరి

నాలుగో రోజు ఇద్దరం ఒకే బండి మీద ఇంటికొచ్చాం. ఆమెకు లైసెన్సు లేదు కాబట్టి రోడ్డు మీద నేనే నడిపాను. తొట్టిలోంచి ఆదేశాలు మాత్రం ఆగలేదు. గేరు మార్చు, క్లచ్ మీద చెయ్యి తియ్యి, మలుపులో ఒళ్ళు వాల్చొద్దు. బాగేపల్లిలో ఆగి ఇడ్లీ తిన్నాం. ఈసారి హోటలాయన వచ్చి బాగుంది సార్ అంటే, దాని బ్రేకు సంగతి అడగండి అని కనక మొదలుపెట్టింది. అతను పొయ్యి మీద దోసె మాడిపోయేదాకా నిలబడి విన్నాడు.

మర్నాడే లైసెన్సుకు అర్జీ పెట్టాం. కాగితాల తిప్పలు రాయను, అవి అందరికీ తెలిసినవే. సాయంత్రాలు జూనియర్ కాలేజీ మైదానంలో ఆమె తిప్పుతుంటే ఆమె స్కూలు పిల్లలే గోడ మీద కూర్చుని లెక్కపెడుతున్నారు, ఎన్ని చుట్లయ్యాయో. ఇసక మూట కొన్నాను గానీ వాడలేదు. ఆ సీటు నాది.

ఫోరంలో ప్రతివాడి రాతల కింద ఒక సంతకం ఉంటుంది. బండి పేరు, దానికి బిగించిన సామాన్ల పట్టిక. నాది చదివితే ఊపిరి అందదు, అంత పొడుగు. ఆ పట్టికంతా తీసేశాను. ‘కదిరి బుల్లెట్. నడిపేది కనక, లెక్కల టీచరు. తొట్టిలో నేను’ అని రాసి, మైదానంలో తీసిన ఫొటో పెట్టాను. తెల్లారేసరికి వందమంది దాకా రాశారు. ఒక్కడంటే ఒక్కడు ‘కానీ’ అనలేదు. మునియప్ప పెద్ద అక్షరాల్లో శభాష్ అన్నాడు.

అవన్నీ చూపిద్దామని కనకను నెట్ సెంటరుకు పిలిచాను. కుర్చీ లాక్కుని, మోకాలి రింగు లాగి, కూర్చుని అన్నీ మెల్లగా చదివింది. తర్వాత ఫొటో వంక చాలాసేపు చూసింది.

“బాగుంది, కానీ...” అంది.

నా చెయ్యి జేబు మీదకు పోయింది.

“నిన్న మైదానంలో ఎద్దులబండివాడు అడ్డమొస్తే ఎంత మోగించినా వాడికి వినపళ్ళేదు. ఆ మంచం కింద హారన్ ఉండాదే, దాన్ని బయటికి తియ్యి.”